రేడియేషన్ ఆంకాలజీ పరిశోధనలోకి వేరే చదువు నుంచి వచ్చేవాళ్ళు మొదటి ఏడాది ఏం నేర్చుకోవాలి? (చెన్నైలో చేరేవాళ్ళకు)

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, చెన్నైలో ఒక ఇంజనీరింగ్ విద్యాసంస్థ, ఒక క్యాన్సర్ ఆసుపత్రి కలిసి నడుపుతున్న ప్రాజెక్టులో జేఆర్ఎఫ్‌గా (జూనియర్ రీసెర్చ్ ఫెలో) చేరుతున్నారు. గైడ్ ఇంజనీరు, కో-గైడ్ రేడియేషన్ ఆంకాలజిస్టు, అంటే రేడియేషన్‌తో క్యాన్సర్‌కు చికిత్స చేసే డాక్టరు. అదే ప్రాజెక్టులో బయోటెక్నాలజీ చదివినవారు ఒకరు, కంప్యూటర్ సైన్స్ బీటెక్ ఒకరు ఉన్నారు. ముగ్గురికీ ఒకరి పని ఒకరికి తెలియదు. ఏ కోర్సులు చదవాలి, ఎంతకాలం పడుతుంది, ఆ తర్వాత మెడికల్ ఫిజిసిస్టు (చికిత్సలో డోసును లెక్కేసి సరిచూసే ఫిజిక్స్ నిపుణులు) ఉద్యోగం వస్తుందా అని అడిగారు.

కోర్సుల జాబితాతో మొదలుపెట్టకండి. రేడియోబయాలజీ (కణాల మీద రేడియేషన్ ప్రభావం) ఒక సెమిస్టరు, డోసిమెట్రీ (డోసు కొలిచే శాస్త్రం) ఒక సెమిస్టరు, పైథాన్ ఒక సెమిస్టరు అని విడివిడిగా చదివినవాళ్ళు ఏడాది గడిచాక కూడా ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎవరి మాట వాళ్ళు మాట్లాడుతుంటారు. ఈ రంగంలో అందర్నీ కలిపేది ఒక్క అంకె: డోసు. డాక్టరు 66 గ్రే (శరీరం పీల్చుకునే రేడియేషన్‌కు కొలమానం) అని రాస్తారు. ఫిజిసిస్టుకు అది నీళ్ళలో 10 సెంటీమీటర్ల లోతున అయాన్ ఛాంబరుతో (రేడియేషన్ కొలిచే పరికరం) చేసిన కొలతకు ముడిపడిన అంకె. బయాలజిస్టుకు ఫ్లాస్కు అడుగున అంటుకుని ఉన్న కణాలు పీల్చుకున్న శక్తి. ప్రోగ్రామరుకు ఫైల్లో ఉన్న ఒక త్రీడీ అరే. ఈ నాలుగూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలా ప్రాజెక్టులు దారి తప్పుతాయి. ఆ అంకెను డాక్టరు రాసిన చోటు నుంచి రోగి శరీరం దాకా, అక్కణ్ణుంచి మీ గ్రాఫు దాకా జారిపోకుండా వెంబడించగలగడమే మీకు కావలసిన శిక్షణ. మిగతాది ఆ దారిలో అవసరం పడ్డప్పుడల్లా నేర్చుకోవచ్చు.

ముందు ఉద్యోగం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆసుపత్రిలో పరిశోధన చేయడం వేరు, మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేసే అర్హత వేరు. ఆ అర్హతను నిర్ణయించేది అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినవాళ్ళు దాని మీద రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా (ముంబైలో భాభా అణు పరిశోధన కేంద్రం నడిపేది ఏడాది కోర్సు) చేయాలి, లేదా నేరుగా ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ చేసి ఉండాలి. రెండింటిలో ఏది చేసినా సరైన సదుపాయాలున్న రేడియోథెరపీ విభాగంలో 12 నెలల ఇంటర్న్‌షిప్ తప్పదు. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు కావాలంటే దానికి పరీక్ష వేరే ఉంది. మీ పీహెచ్‌డీ ఎంత గొప్పదైనా వీటికి బదులు కాదు. రోగి ప్లాను మీద సంతకం పెట్టే ఉద్యోగమే మీ లక్ష్యమైతే ప్రాజెక్టులో చేరకముందే ఆ డిప్లొమా గురించి ఆలోచించండి. మూడేళ్ళు గడిచాక తెలిస్తే చాలా నష్టం.

చెన్నైలో చేరడం ఈ పనికి బాగా కలిసొస్తుంది. సర్దార్ పటేల్ రోడ్డు మీదే మెడికల్ ఫిజిక్స్ విభాగం ఉన్న అన్నా యూనివర్సిటీ, ఐఐటీ మద్రాస్, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1954లో మొదలుపెట్టిన ఆ ఇన్‌స్టిట్యూట్‌కు 1957లోనే కోబాల్ట్ యంత్రం వచ్చింది. తరమణిలో 2019 నుంచి ప్రోటాన్ కేంద్రం నడుస్తోంది. ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని శాఖలు ఉన్న ఊళ్ళు మన దేశంలో తక్కువ. అయితే పక్కపక్కనే ఉన్నంత మాత్రాన తలుపులు వాటంతట అవే తెరుచుకోవు. ఏ విభాగంలో కూర్చోవాలన్నా ముందుగా రాతపూర్వకమైన అనుమతి కావాలి. ఆ సంగతి చివర్లో చెప్తాను.

మొదటి నాలుగైదు వారాలు ల్యాప్‌టాప్ పక్కన పెట్టి రోగి వెళ్ళే దారిలోనే మీరూ వెళ్ళండి. సీటీ సిమ్యులేషన్ (చికిత్స భంగిమలో తీసే సీటీ), కాంటూరింగ్ (స్కాన్ మీద కణితి, అవయవాల హద్దులు గీయడం), ప్లానింగ్, ప్లాన్ క్యూఏ (ప్లాన్ నాణ్యత సరిచూడటం), ట్రీట్‌మెంట్ రూము కన్సోలు, వారం వారం జరిగే రివ్యూ ఓపీ. ఒక్కో చోట ఒక్క గంట చూసి వచ్చేయడం కాదు, తల-మెడ క్యాన్సర్ రోగులు ఒకరిద్దర్ని (అనుమతితో) మొదటి రోజు నుంచి చివరి ఫ్రాక్షన్ (ఒక్కో విడత రేడియేషన్) దాకా అనుసరించండి. వేడి నీళ్ళలో మెత్తబడిన థర్మోప్లాస్టిక్ మాస్కును ముఖం మీద ఎలా అద్దుతారో, అది గట్టిపడేలోపు రోగి గుటక వేస్తే ఏమవుతుందో చూడండి. మూడు నాలుగు వారాలకు రోగి బరువు తగ్గి అదే మాస్కు వదులవుతుంది. అప్పుడు మళ్ళీ సీటీ తీసి కొత్త ప్లాన్ వేస్తారు. అంటే ఆ రోగికి ఫైల్లో రెండు ప్లాన్లు ఉంటాయి. రేపు మీరు డేటా తీసుకునేటప్పుడు మొదటి ప్లాన్ ఒక్కటే లాగితే, 66 గ్రే మొత్తం అదే ఆకారంలో అందిందని మీ మోడల్ నమ్ముతుంది. నిజంగా జరిగింది అది కాదు.

కన్సోలు దగ్గర రేడియోథెరపీ టెక్నాలజిస్టుల పక్కన గడిపే సమయాన్ని దయచేసి తగ్గించుకోకండి. కోన్ బీమ్ సీటీలో (చికిత్స గదిలోనే తీసే సీటీ) ఇవాళ ఎన్ని మిల్లీమీటర్లు జరిపారు, ఏ దిశలో జరిపారు, ఎందుకు మళ్ళీ పడుకోబెట్టారు అన్నది వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. రోజువారీ షిఫ్టుల్ని ఒక పట్టికలో రాసుకుంటే మార్జిన్ (కణితి చుట్టూ అదనంగా వదిలే అంచు) లెక్క మీకే అర్థమవుతుంది. రోగికీ రోగికీ మధ్య సగటు తేడాల విస్తృతి (సిస్టమాటిక్ దోషం) 2 మిల్లీమీటర్లు, ఒకే రోగిలో రోజూ ఉండే ఊగిసలాట (రాండమ్ దోషం) 2.5 మిల్లీమీటర్లు అనుకోండి. వాన్ హెర్క్ సూత్రం ప్రకారం మార్జిన్ 2.5 × 2 + 0.7 × 2.5, అంటే 6.75. సుమారు 7 మిల్లీమీటర్లు. నూటికి 90 మంది రోగుల్లో సీటీవీకి (కణితితోపాటు చుట్టూ రోగం పాకి ఉండగల భాగం) కనీసం 95 శాతం డోసు అందాలన్నది దాని ఉద్దేశం. మొదటి దోషానికి 2.5, రెండోదానికి 0.7 ఎందుకో ఆలోచించండి. రాండమ్ దోషం డోసు అంచుల్ని కాస్త మసకబారుస్తుంది, అంతే. సిస్టమాటిక్ దోషం మొత్తం చికిత్సనే పక్కకు నెడుతుంది. ఈ ఒక్క తేడా వంటపట్టిన ప్రోగ్రామరు తన ఆటో కాంటూరింగ్ మోడల్‌లో ఎలాంటి తప్పులు భరించవచ్చో, ఎలాంటివి భరించకూడదో తనే నిర్ణయించుకోగలడు.

సంక్రాంతి, దీపావళి వారాల్లో ట్రీట్‌మెంట్ రికార్డులు తప్పకుండా చూడండి. యంత్రం ఆగిన రోజులు, రోగి ఊరికెళ్ళి రాలేకపోయిన రోజులు అన్నీ అక్కడ కనిపిస్తాయి. తల-మెడ క్యాన్సర్లలో చికిత్స మొదలైన సుమారు నాలుగు వారాల తర్వాత కణితి కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయి. ఆ దశలో ఆలస్యమైన ఒక్కో రోజుకు సుమారు 0.6 గ్రే వృథా అయినట్టు లెక్కేయడం వాడుక. ఐదు రోజుల విరామం అంటే దాదాపు 3 గ్రే. ప్లాన్ ఫైల్లో ఇది ఎక్కడా ఉండదు, ట్రీట్‌మెంట్ రికార్డులోనే ఉంటుంది. ఫలితాల మీద పేపరు రాస్తూ మొత్తం చికిత్స ఎన్ని రోజులు సాగిందో కాలమ్‌గా పెట్టనివాళ్ళు ఎంతమందో చూస్తే బాధేస్తుంది.

ఇక లెక్క. ఫ్రాక్షన్ సైజులు వేరైతే గ్రేలను నేరుగా కూడకూడదు. 2 గ్రే ఫ్రాక్షన్లకు సమానమైన డోసు, అంటే ఈక్యూడీ2, ఇలా వస్తుంది: మొత్తం డోసు × (ఒక్కో ఫ్రాక్షన్ డోసు + ఆల్ఫా/బీటా) ÷ (2 + ఆల్ఫా/బీటా). ఫ్రాక్షన్ సైజు మారితే ఆ కణజాలం ఎంత తేడాగా స్పందిస్తుందో చెప్పే అంకె ఆల్ఫా/బీటా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో బయటి నుంచి 45 గ్రే 25 ఫ్రాక్షన్లలో, ఆ తర్వాత బ్రాకీథెరపీ (రేడియేషన్ మూలాన్ని కణితి దగ్గరే పెట్టి ఇచ్చేది) 7 గ్రే చొప్పున 4 సార్లు ఇచ్చారనుకోండి. ఊరికే కూడితే 73. కణితికి ఆల్ఫా/బీటా 10 పెట్టి చేస్తే మొదటిది 44.3, రెండోది 39.7, కలిపి 84. పురీషనాళానికి ఆల్ఫా/బీటా 3. దానికి అందిన డోసుల్ని విడిగా తీసుకుని విడిగా లెక్కేయాలి, కణితి డోసును అక్కడ పెట్టకూడదు. ఈ లెక్క కాగితం మీద చేతితో చేయడం ముగ్గురికీ రావాలి. సాఫ్ట్‌వేర్ మీద వదిలేయకండి.

అయితే సూత్రాన్ని నమ్మడానికి కూడా హద్దుంది. రొమ్ము క్యాన్సర్‌లో 15 ఫ్రాక్షన్లలో 40 గ్రే, 5 ఫ్రాక్షన్లలో 26 గ్రే పోల్చండి. ఆల్ఫా/బీటా 10 పెడితే ఈక్యూడీ2 42.2, 32.9 వస్తాయి. రెండోది చాలా తక్కువ, పనిచేయదు అనిపిస్తుంది. 3 పెడితే 45.3, 42.6. తేడా చాలా తగ్గుతుంది. 2020లో వెలువడిన ఫాస్ట్-ఫార్వర్డ్ ట్రయల్ ఐదేళ్ళ ఫలితాల్లో, కణితి తిరగబెట్టకుండా ఆపడంలో 26 గ్రే 40 గ్రే కంటే తీసికట్టు కాదని తేలింది. సూత్రంలో పెట్టే అంకె రోగుల మీద జరిగిన ట్రయల్స్ నుంచి రావాలి. ఏదో పాఠ్యపుస్తకంలో "కణితికి 10" అని చదివి అన్నింటికీ అదే వాడేస్తే మీ మోడల్ ఎంత అందంగా ఉన్నా దాన్ని డాక్టర్లు పక్కన పెడతారు, పెట్టడం న్యాయమే.

ఇప్పుడు బయోటెక్నాలజీ చదివినవారికి. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే లినాక్ (రేడియేషన్ చికిత్స యంత్రం) మీద కణాలకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు జరిగే తప్పులు ఎవరికీ కనిపించవు. గ్రాఫు మాత్రం చక్కగానే వస్తుంది.

సాయంత్రం రోగులందరూ అయిపోయాక ఫ్లాస్కు పట్టుకెళ్ళి "200 ఎంయూ ఇవ్వండి, 2 గ్రే కదా" అని అడగడం మొదటి తప్పు. ఎంయూ అంటే మానిటర్ యూనిట్, యంత్రం ఎంత కిరణం వదిలిందో చెప్పే అంకె. 100 ఎంయూకి 1 గ్రే అన్నది ఒక నిర్దిష్ట ఏర్పాటులోనే నిజం: 10 × 10 ఫీల్డు, గరిష్ఠ డోసు పడే లోతు, మీ విభాగం క్యాలిబ్రేట్ చేసుకున్న దూరం. మీ ఫ్లాస్కు అక్కడ లేదు. ఫీల్డు పెద్దదైతే ఔట్‌పుట్ కొన్ని శాతం పెరుగుతుంది, కింది నుంచి ఇస్తే కౌచ్ (రోగి పడుకునే బల్ల) కొన్ని శాతం తినేస్తుంది. రెండో తప్పు ఇంకా పెద్దది. 6 ఎంవీ (మెగావోల్టు) కిరణానికి గరిష్ఠ డోసు సుమారు 1.5 సెంటీమీటర్ల లోతున పడుతుంది. కణాలు ఫ్లాస్కు అడుగున ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ వెనక ఉంటాయి. ముందు బిల్డప్ (డోసు గరిష్ఠానికి చేరడానికి కావలసినంత మందం పదార్థం) లేకుండా కింది నుంచి కొడితే అనుకున్న డోసులో సగమే అందవచ్చు. పై నుంచి కొడితే ఫ్లాస్కులోని గాలి ఖాళీ, మీడియం మట్టం రెండూ అడ్డొస్తాయి, మీడియం ఎన్ని మిల్లీలీటర్లు పోశారన్నదాన్ని బట్టి డోసు మారుతుంది.

పనికొచ్చే ఏర్పాటు ఇది. గ్యాంట్రీ (యంత్రంలో తిరిగే భాగం) 180 డిగ్రీలు, అంటే కిరణం కింది నుంచి. కౌచ్ మీద 5 సెంటీమీటర్ల సాలిడ్ వాటర్ (రేడియేషన్‌కు నీళ్ళలాగే స్పందించే ప్లాస్టిక్) పలకలు, వాటి మీద ఫ్లాస్కులు ఒకే వరుసలో. ఫ్లాస్కుల చుట్టూ ఉన్న ఖాళీల్ని మైనంతోగానీ నీటి సంచులతోగానీ నింపండి. పైన మళ్ళీ 5 సెంటీమీటర్ల పలకలు, వెనక్కి చెదిరే కిరణాల కోసం. ఫీల్డు కనీసం 20 × 20 పెట్టి, ఫ్లాస్కు అంచుకూ ఫీల్డు అంచుకూ మధ్య 2 నుంచి 3 సెంటీమీటర్లు వదలండి. ఇదే ఏర్పాటుకు ఫిజిసిస్టు సీటీ తీసి ప్లానింగ్ సిస్టమ్‌లో ఎంయూ లెక్కేయాలి. ఆ తర్వాత కణాలు లేని ఫ్లాస్కు అడుగున ఈబీటీ3 ఫిల్ము (రేడియేషన్ తగిలితే రంగు మారేది) ముక్క అంటించి, కణాలుండే లోతుకే సాలిడ్ వాటర్‌లో అయాన్ ఛాంబరు పెట్టి సరిచూడాలి. ఫిల్మును మరుసటి రోజు, క్యాలిబ్రేషన్ ఫిల్ములు ఎంతసేపటికి స్కాన్ చేశారో అంతే సమయానికి, అదే దిశలో స్కాన్ చేయాలి. దిశ మారిస్తే రీడింగే మారుతుంది. 96 గుంటల ప్లేట్లు వాడకుండా ఉంటేనే మేలు. గుంటల మధ్య గాలి వల్ల అంచు గుంటలకూ నడి గుంటలకూ డోసు ఒకేలా ఉండదు.

కంట్రోలు ఫ్లాస్కును ఇంక్యుబేటర్‌లో వదిలేసి రాకండి. అదీ మీతోపాటు లినాక్ గది దాకా రావాలి, అంతే సేపు బయట ఉండాలి, కిరణం ఒక్కటే పడకూడదు. లేకపోతే చల్లబడటం వల్ల చచ్చిన కణాలు కూడా రేడియేషన్ ఖాతాలో పడతాయి. కాలనీ పరీక్షలో 0 గ్రేకి 200 కణాలు వేస్తే 2 గ్రేకి 400, 4 గ్రేకి 1,000, 6 గ్రేకి 4,000 అలా పెంచుకుంటూ పోవాలి. మీ సెల్ లైన్‌ను బట్టి ముందు ఒక ట్రయల్ వేసి అంకెలు ఖాయం చేసుకోండి. 10 నుంచి 14 రోజులు ఆగి క్రిస్టల్ వయొలెట్ వేసి, 50 కణాలకు తగ్గని కాలనీలనే లెక్కపెట్టాలి. బతికిన శాతం లెక్కలో ప్లేటింగ్ ఎఫిషియెన్సీతో (రేడియేషన్ ఇవ్వని కణాల్లో కాలనీలుగా ఎదిగిన వాటా) భాగించడం మర్చిపోతే మొత్తం వృథా. ఒకే రోజు వేసిన మూడు ప్లేట్లు మూడు ప్రయోగాలు కావు. వేరే రోజు, వేరే పాసేజ్‌తో (కొత్త ఫ్లాస్కులోకి మార్చి పెంచిన కణాలు) మళ్ళీ చేస్తేనే రెండోది. దీన్ని స్టాటిస్టిక్స్ పాఠంలా కాకుండా నిజాయితీగా తీసుకోండి.

చెన్నై ట్రాఫిక్ కూడా మీ ప్రయోగంలో భాగమే. డీఎన్‌ఏ రెండు పోగులూ తెగిన చోట్లను చూపించే గామా-హెచ్2ఏఎక్స్ చుక్కలు రేడియేషన్ తర్వాత సుమారు అరగంటకు ఎక్కువగా కనిపించి, ఆ తర్వాత తగ్గుతూ పోతాయి. ఆసుపత్రి నుంచి మీ ల్యాబుకు సాయంత్రం ఆరు గంటలకు ముప్పావు గంట పడితే ఆ శిఖరం మీకు ఆటోలోనే దాటిపోతుంది. అందుకని 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌ను మీతోనే తీసుకెళ్ళి, అనుమతి తీసుకుని, ఆసుపత్రి ల్యాబులోనే హుడ్ కింద ఫిక్స్ చేయండి. ఐస్ మీద తెస్తే మరమ్మతు నెమ్మదిస్తుంది, 37 డిగ్రీల్లో తెస్తే సాగుతూనే ఉంటుంది. ఏది చేసినా ప్రతిసారీ ఒకేలా చేయండి, పేపర్లో రాయండి.

మూడోవారు, కంప్యూటర్ సైన్స్. ఆసుపత్రి డేటా చేతికొచ్చేలోపు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. క్యాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ డేటా 422 మందిది ఉచితంగా దొరుకుతుంది, కాంటూర్లతో సహా. త్రీడీ స్లైసర్‌లో (స్కాన్లు చూసే సాఫ్ట్‌వేర్) స్లైసర్ఆర్‌టీ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని, పైడైకామ్ (పైథాన్ లైబ్రరీ) తో ఫైళ్ళు తెరిచి చేయి తిప్పుకోండి. ముందుగా తెలుసుకోవలసింది రేడియోథెరపీ డైకామ్ (వైద్య చిత్రాలకు వాడే ప్రామాణిక ఫైలు రూపం) నాలుగు రకాల ఫైళ్ళుగా ఉంటుందని: సీటీ, స్ట్రక్చర్లు, ప్లాన్, డోసు. ఇవి ఒకదాన్నొకటి యూఐడీలతో (ఒక్కో ఫైలుకు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) పట్టుకుని ఉంటాయి. పేర్లు తీసేసే సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫైలుకు ఇష్టమొచ్చిన కొత్త యూఐడీ ఇచ్చేస్తే ఆ గొలుసు తెగిపోతుంది, ఏ కాంటూరు ఏ సీటీదో తెలియదు. మొత్తం సెట్‌కు ఒకే పట్టిక ప్రకారం మార్చే సాధనం వాడాలి. ప్రైవేట్ ట్యాగుల్లోనూ, ప్లాన్ లేబుల్‌లోనూ రోగి పేరు దాక్కుని ఉంటుంది, చూసుకోండి. తల సీటీ నుంచి ముఖాన్నే తిరిగి కట్టవచ్చు, కాబట్టి ఆసుపత్రి గడప దాటించే ముందు ముఖం చెరిపేయాలి.

డోసు ఫైల్లో పిక్సెల్ అంకెలు గ్రేలు కావు. వాటిని డోస్ గ్రిడ్ స్కేలింగ్ అనే ట్యాగు విలువతో గుణిస్తేనే గ్రే వస్తుంది. డోస్ సమ్మేషన్ టైప్ కూడా చూడాలి. అక్కడ ప్లాన్ అని ఉంటే మొత్తం, బీమ్ అని ఉంటే ఒక్కో కిరణానిది, ఫ్రాక్షన్ అని ఉంటే ప్లాన్‌లోని ఒక ఫ్రాక్షన్ గ్రూపుది. డోసు గ్రిడ్, సీటీ గ్రిడ్ ఒకే కొలతలో ఉండవు, రీశాంపుల్ చేయకుండా ఒకదాని మీద ఒకటి పెడితే కాంటూరు పక్కకు పడుతుంది. పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఒక రోగి వెన్నుపాము గరిష్ఠ డోసు, ఊపిరితిత్తుల వీ20 (20 గ్రే లేదా అంతకంటే ఎక్కువ అందిన భాగం) మీ కోడ్‌తో తీసి, ప్లానింగ్ సిస్టమ్‌లో ఫిజిసిస్టు చూపించే అంకెలతో పోల్చండి. అవి కలిసేదాకా ఏ న్యూరల్ నెట్‌వర్కూ మొదలుపెట్టకండి.

స్ట్రక్చర్ల పేర్లు మిమ్మల్ని నెలలు తినేస్తాయి. ఒకే వెన్నుపాము ఒకరి దగ్గర "కార్డ్", ఇంకొకరి దగ్గర "స్పైనల్ కార్డ్", మరొకరి దగ్గర "ఎస్‌సీ ఫైనల్ 2". ఏఏపీఎం (అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం) టీజీ-263 నివేదికలో ప్రామాణిక పేర్లు ఉన్నాయి. పాత డేటాకు మార్పిడి పట్టిక తయారుచేసుకోండి, కొత్త రోగులకు ఆ పేర్లే వాడమని విభాగాన్ని మొదటి వారంలోనే బతిమాలుకోండి. ఒకే రోగి స్లైసులు ట్రైనింగ్‌లో కొన్ని, టెస్టులో కొన్ని పడితే మీ ఫలితాలకు విలువ ఉండదు. రోగి వారీగానే విడగొట్టాలి. రేడియోమిక్స్ (స్కాన్ చిత్రాల నుంచి అంకెలు తీసి ఫలితాన్ని అంచనా వేయడం) చేస్తుంటే కణితి పరిమాణం ఒక్కదాన్నే పెట్టి మోడల్ కట్టి చూడండి. 2014లో పేరు తెచ్చుకున్న ఒక రేడియోమిక్స్ సిగ్నేచర్ చాలావరకు పరిమాణాన్నే కొలుస్తోందని 2019లో వేరే బృందం చూపించింది. డైస్ స్కోరు (రెండు కాంటూర్లు ఎంత కలుస్తాయో చెప్పే అంకె) పెద్ద అవయవాలకు సులువుగా పెరుగుతుంది, ఆప్టిక్ కయాజ్మ్ (కంటి నరాలు కలిసే చోటు) లాంటి చిన్నవాటికి ఒక్క మిల్లీమీటరు తేడాకే పడిపోతుంది. కాబట్టి ఉపరితల దూరం కూడా ఇవ్వండి. అన్నిటికీ మించి, ఆ తేడా వల్ల డోసు ఎంత మారిందో చూపిస్తేనే డాక్టరు వింటారు.

రోగులతో నేరుగా పని ఉంటే మీరు తెలుగువాళ్ళు కావడం పెద్ద ఆస్తి. నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు వైపు నుంచి చెన్నైకి వైద్యం కోసం వచ్చేవాళ్ళు చాలామంది. అనుమతి పత్రం తమిళం, ఇంగ్లీషుల్లో మాత్రమే ఉంటే వాళ్ళు సంతకం పెడతారుగానీ తెలిసి పెట్టరు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు ప్రతిని వేరొకరితో తిరిగి ఇంగ్లీషులోకి చేయించి సరిపోల్చి, ఎథిక్స్ కమిటీకి ముందే పెట్టండి. తర్వాత చేర్చాలంటే మళ్ళీ సవరణ, మళ్ళీ ఎదురుచూపు. రేడియేషన్ చికిత్సను వాళ్ళు "కరెంటు పెట్టడం" అంటారు, పత్రంలోనూ ఒకసారి ఆ మాట ఉండనివ్వండి. జీవన నాణ్యత కొలిచే క్యూఎల్‌క్యూ-సీ30 ప్రశ్నావళికి తెలుగు అనువాదం దాన్ని తయారుచేసిన యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈఓఆర్‌టీసీ దగ్గర ఉంది, అనుమతితో అదే తీసుకోవాలి. సొంతంగా అనువదించుకుంటే స్కోర్లు ఎవరితోనూ పోల్చలేరు. పాత రికార్డులు మాత్రమే వాడే అధ్యయనానికి కూడా ఎథిక్స్ అనుమతి కావాలి, అనుమతి పత్రాల నుంచి మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది కమిటీ చెప్పాలి, గైడ్ కాదు. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (మన దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు తప్పనిసరి.

కో-గైడ్ డాక్టరు నేర్చుకోవలసింది కూడా ఉంది. ఆయనగానీ ఆవిడగానీ మీకు ఇవ్వాల్సిన అతి ముఖ్యమైన విషయం ఫలితానికి నిర్వచనం. "రోగం తిరగబెట్టడం" అంటే స్కాన్‌లోనా, బయాప్సీలోనా, ఏ తేదీ నుంచి లెక్క, మళ్ళీ చూపించుకోవడానికి రాని రోగిని ఎలా లెక్కించాలి అన్నవి ఒక పేజీలో రాయించుకుని, ముగ్గురూ చదివాకే డేటా ముట్టుకోండి. 40 మందికి మాత్రమే రోగం తిరగబెట్టిన డేటాతో 30 అంశాల మోడల్ కట్టకూడదని వాళ్ళకు చెప్పే బాధ్యత మీది.

ఎంతకాలం అంటే: ఆసుపత్రి దారి తెలియడానికి రెండు నెలలు, డోసు లెక్కలు, క్యూఏ అర్థం కావడానికి ఇంకో మూడు, నాలుగు నెలలు. మిగతా ఏడాది మీ సొంత ప్రయోగాన్ని చిన్నస్థాయిలో ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చేసి చూడటానికి. ముగ్గురూ వారానికి ఒక గంట కూర్చుని, ఒకరి పనిలోని ఒక అంకెను మిగతా ఇద్దరు ప్రశ్నించాలి. ఫిజిసిస్టు ఫ్లాస్కు డోసు అడగాలి, బయాలజిస్టు ఆల్ఫా/బీటా ఎక్కణ్ణుంచి తెచ్చారో అడగాలి, ప్రోగ్రామరు ఎన్ని ప్లాన్లు వేశారో అడగాలి. తొలి డ్రాఫ్టు రాకముందే పేపర్లో ఎవరి పేరు ఎక్కడ ఉంటుందో రాసుకోండి. బాగా కలిసి పనిచేసిన జట్లు కూడా ఈ ఒక్క దాని దగ్గర విడిపోతాయి.

ప్రోటాన్ల మీద ప్రాజెక్టు తీసుకోవాలా అని కూడా అడిగారు. ఫోటాన్ (ఎక్స్-రే) డోసిమెట్రీ ఒక ఏడాది చేయకుండా వద్దు. ప్రోటాన్లకు క్లినిక్‌లో ఆర్‌బీఈ (ఫోటాన్లతో పోలిస్తే కణాల మీద ప్రభావం ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.1 అని ఒకే అంకె వాడతారు, కిరణం చివర్లో అది పెరుగుతుంది. పరిశోధనకు చక్కటి చోటే, కానీ కిరణం దారిలో చాలావరకు ఆ తేడా కొన్ని శాతాల్లోనే ఉంటుంది. మీ ఫ్లాస్కు డోసులోనే 5 శాతం అనిశ్చితి ఉంటే దాన్ని కొలవలేరు.

చేరకముందు గైడ్ దగ్గర మూడు కాగితాలు అడగండి. ఒకటి, రేడియోథెరపీ విభాగంలో కూర్చోవడానికి, రోగుల చికిత్సకు అంతరాయం కలగని వేళల్లో యంత్రం వాడుకోవడానికి విభాగాధిపతి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు సంతకంతో అనుమతి. రెండు, మీరు రేడియేషన్ వర్కరుగా నమోదవుతారా లేదా అన్న స్పష్టత. నమోదైతే మీ పేరు మీద టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచేది) రావాలి, పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 మించకూడదు. నమోదు కాకపోతే మీరు సాధారణ ప్రజల లెక్కలో ఏడాదికి 1 మిల్లీసీవర్టు కిందికే వస్తారు. ఇంకొకరి బ్యాడ్జి అరువు తెచ్చుకోవద్దు, మీది ట్రీట్‌మెంట్ గదిలో మర్చిపోవద్దు. మూడు, ఎథిక్స్ దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే ఉత్తరం. మూడోది ఇంకా మొదలే కాలేదంటే మొదటి ఆరు నెలల పనిని బయటి డేటా మీద, కణాల మీద సాగేలా ప్లాన్ చేయమని చేరేరోజే అడగండి.